చెరకు ట్రైలర్‌కి గేర్‌బాక్స్ ఉండదు బావగారూ!

ముందే చెప్పేస్తున్నా.. ఇది కాస్త కోపంలో రాస్తున్న టపా. కోపం ఎవరి మీదంటే, ముందు నా మీద, తర్వాత మా బావగారి మీద, ఆ తర్వాత "తాడుంటే చాలు, లాగేద్దాం" అనే మన జాతీయ సిద్ధాంతం మీద. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ప్రొడక్షన్‌లో ఏదైనా పేలితే రూట్ కాజ్ రాసి నలుగురికీ పంపడం అలవాటు. ఇది కూడా అలాంటిదే అనుకోండి. కాకపోతే ఇందులో దెబ్బ తగిలింది సర్వర్‌కి కాదు, మా నాన్నకి.

మాది పాయకరావుపేట. తెలియని వాళ్ళ కోసం: తాండవ నదికి అటు తుని, ఇటు మా పేట. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చాక తుని కాకినాడ జిల్లాలోకి, మేము అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. జిల్లాలు మారినా సినిమాలకీ, షాపింగ్‌కీ, మెకానిక్కుకీ మాకు తునే గతి. ఊరి పక్కనుంచే ఎన్‌హెచ్-16 పోతుంది. పాత లెక్కలో ఎన్‌హెచ్-5.

సంక్రాంతికి వైజాగ్ నుంచి బావగారి బండిలో బయల్దేరాం. బావగారు, అక్క, పిల్లలిద్దరు, నేను. బావగారు కూడా మన జాతే, ఐటీ. నాలుగేళ్ళు ఆన్‌సైట్‌లో ఉండొచ్చారు. వచ్చాక లంబసింగి, వంజంగి తిరగడానికని ఆటోమేటిక్ గేర్లు, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న బండి కొన్నారు. కొన్నరోజే లోవ తలుపులమ్మ తల్లి దగ్గరికి తీసుకెళ్ళి పూజ చేయించారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి, ఒక్కటి తప్ప. డ్యాష్‌బోర్డు అరలో ఉన్న ఓనర్స్ మాన్యువల్ ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ చింపలేదు.

నక్కపల్లి దాటాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడుతుంటే ఇంజిన్ తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదు. ఇంకో పది కిలోమీటర్లుంటే ఇల్లు. అదే అసలు ప్రమాదం చూడండి! వంద కిలోమీటర్లుంటే బుద్ధిగా ఎవరికో ఫోన్ చేసేవాళ్ళం. పదే కదా అనేసరికి మనలో ఉన్న బద్ధకానికీ, వీరత్వానికీ ఒకేసారి మెలకువ వచ్చేస్తుంది. అక్కనీ పిల్లల్నీ ఆటో ఎక్కించి, నాన్నకి ఫోన్ చేశాం. నాన్న అరగంటలో ఊళ్ళో తెలిసినాయన ట్రాక్టరు వేసుకుని, నైలాన్ తాడుతో సహా వచ్చేశారు.

అప్పుడు జరిగిన సంభాషణ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఎందుకంటే ఈ టపా అంతా దానికి సమాధానమే.

నేను: "బావగారూ, ఇది ఆల్ వీల్ డ్రైవ్ కదా, ఇలా లాగొచ్చంటారా?"

బావగారు: "అమెరికాలో చూళ్ళేదా? అంత పెద్ద మోటర్ హోమ్ వెనక జీపు తగిలించుకుని వేల మైళ్ళు పోతారు. నాలుగు చక్రాలూ నేల మీదే. వాళ్ళు వేల మైళ్ళు లాగితే లేంది, మనం పది కిలోమీటర్లు లాగలేమా?"

ట్రాక్టరాయన: "ఏటవుద్ది బాబూ! తాండవ షుగర్ ఫ్యాక్టరీకి టన్నులకి టన్నులు చెరకు లాగినోణ్ణి. ఈ కారెంత?"

నాన్న: "ముప్పై ఏళ్ళు బస్సు నడిపాన్రా. స్టీరింగ్ నేను పట్టుకుంటాను, నువ్వు కంగారుపడకు."

ఆన్‌సైట్ అనుభవం, చెరకు అనుభవం, బస్సు అనుభవం. ముగ్గురు పెద్దలు. నేను నోరు మూసుకుని ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికి వీడియో తీయడం మొదలెట్టాను. ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరికీ పంపలేదు.

పేటలోకి తిరిగే దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చింది. ట్రాక్టరు బ్రేకు కొట్టింది. నాన్నా కొట్టారు. బ్రేకు పెడలు బండరాయిలా బిగుసుకుపోయింది. కారు వెళ్ళి ట్రాక్టర్ వెనక ఇనుప హుక్కుకి గుద్దుకుంది. నాన్న కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు పిండికట్టు. హుక్కు ఇంకో రెండడుగులు పైన ఉండుంటే ఏమయ్యేదో నేను రాయను, మీరూ ఊహించకండి.

తర్వాత వర్క్‌షాప్ వాళ్ళు తేల్చింది ఏమిటంటే, బండి ఆగిపోవడానికి కారణం ఫ్యూయల్ పంపు రిలే. కొన్ని వందల రూపాయల వస్తువు. మేము లాగడం వల్ల పోయింది గేర్‌బాక్స్. ఎస్టిమేట్ బావగారి మూడు నెలల జీతం. వందల్లో పోయేదాన్ని లక్షల్లోకి, ఆ తర్వాత ఒక మనిషి ఎముకల్లోకి తీసుకెళ్ళాం. ఇంజినీర్లు ఇద్దరు దగ్గరుండి మరీ చేశారు!

సరే, ఇప్పుడు ఒక్కో వాదన తీసుకుందాం.

మొదటిది: "అమెరికాలో మోటర్ హోమ్ వెనక లాగుతారు కదా!"

మన వైపు మోటర్ హోమ్ అంటే షూటింగుల దగ్గర హీరోల కేరవాన్ తప్ప ఇంకోటి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. అక్కడ రిటైరైన వాళ్ళు, సెలవులకెళ్ళే కుటుంబాలు బస్సంత ఇల్లు వేసుకుని తిరుగుతారు. యెల్లోస్టోన్ వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా చూసే ఉంటారు. ముప్పై, ముప్పై అయిదు అడుగుల బండి. దాన్ని క్యాంపు గ్రౌండులో పెట్టాక పాల ప్యాకెట్ కోసం మళ్ళీ దాన్నే తీయలేరు, ఊళ్ళో పార్కింగూ దొరకదు. అందుకని వెనక చిన్న బండొకటి తగిలించుకుంటారు. దాన్ని ముద్దుగా 'టోడ్' అంటారు, అంటే కప్ప. 'టో' చేసేది కాబట్టి ఆ పేరు. ఇంకొందరు 'డింగీ' అంటారు, ఓడ వెనక కట్టిన చిన్న పడవన్నమాట.

ఇంతవరకు బావగారు చూశారు. చూడనిది ఏమిటంటే..

ఆ జీపు ఏది పడితే అది కాదు. ఎక్కువగా కనిపించేది జీప్ రాంగ్లర్. ఎందుకు? దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌లో విడిగా న్యూట్రల్ ఉంటుంది. గేర్‌బాక్స్‌లో ఉండే న్యూట్రల్ వేరు, ఇది వేరు. గేర్‌బాక్స్ నుంచి వచ్చిన శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేస్. దాన్ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలకీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగిపోతుంది. చక్రాలు వేల మైళ్ళు తిరిగినా గేర్‌బాక్స్ హాయిగా నిద్రపోతుంది. పెట్టడానికీ ఒక పద్ధతుంది: ఇంజిన్ ఆన్‌లో ఉండగా ట్రాన్స్‌ఫర్ కేస్‌ని న్యూట్రల్‌లోకి మార్చి, రివర్స్ వేసి చూడాలి, డ్రైవ్ వేసి చూడాలి. రెండింట్లోనూ బండి కదలకపోతేనే నిజంగా న్యూట్రల్‌లో పడ్డట్టు. అప్పుడు ఇంజిన్ ఆపి, ఆటోమేటిక్ అయితే గేరు పార్కులో పెట్టి, స్టీరింగ్ లాక్ పడకుండా చూసి, హ్యాండ్ బ్రేక్ తీస్తారు. గమనించారా, గేరు పార్కులో పెట్టి లాగుతున్నారు! మామూలు బండిని అలా లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అంటే ఆ బండి లోపలి నిర్మాణమే వేరు.

ఇక తాడు సంగతి. అక్కడ తాడు లేదు. జీపు ఛాసిస్‌కి బోల్టులేసిన బేస్ ప్లేట్, దానికి వీ ఆకారంలో ఇనుప టో బార్. ముందు బండికీ వెనక బండికీ మధ్య దూరం ఎప్పుడూ మారదు కాబట్టి వెనకది వెళ్ళి ముందుదాన్ని గుద్దే ప్రశ్నే లేదు. బార్ ఊడినా బండి పోకుండా సేఫ్టీ గొలుసులు. ముందు బండి బ్రేక్ లైటు వెలిగితే వెనక బండిదీ వెలిగేలా వైరింగ్. ముందు డ్రైవర్ బ్రేకు వేస్తే జీపు బ్రేకు కూడా దానంతటది పడేలా అదనపు బ్రేక్ యంత్రం. అన్నీ తెగిపోయి జీపు విడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పట్టేసేలా ఇంకో కేబుల్. వెనక లాగే జీపు బరువు ఛాసిస్, హిచ్, టో బార్ మూడింటిలో దేనికి తక్కువ లాగే సామర్థ్యం ఉందో దాని లోపే ఉండాలి. టో బార్ దాదాపు నేలకి సమాంతరంగా ఉండాలి. ఇన్ని ఉన్నా దాంతో రివర్స్ చేయకూడదు. తప్పు సందులోకి వెళ్ళారా, దిగి జీపు విప్పి వెనక్కి తిప్పుకోవాల్సిందే.

బావగారూ, మీరు చూసింది ఫ్రంట్ ఎండ్ మాత్రమే. బ్యాక్ ఎండ్ ఇంత ఉంది!

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ దేశంలో కూడా ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్ క్రాసోవర్లలో చాలావాటిని ఇలా నాలుగు చక్రాల మీద లాగకూడదని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మనవాళ్ళకి బాగా తెలిసిన హోండా సీఆర్-వీనే తీసుకోండి. 2014 మోడల్ దాకా మోటర్ హోమ్ వాళ్ళకి అది ఇష్టమైన బండి, పద్ధతి ప్రకారం లాగొచ్చు. 2015 మోడల్‌లో సీవీటీ గేర్‌బాక్స్ వచ్చింది. అంతే, లాగొద్దని కంపెనీయే చెప్పేసింది. పేరు అదే, ఆకారం దాదాపు అదే, లోపలి పెట్టె మారింది. లైబ్రరీ వెర్షన్ మారితే పాత కోడ్ పనిచేయదని మనకి చెప్పాలా? "నిన్న మా ఫ్రెండ్ లాగాడు" అనేది వాదన ఎందుకు కాదో ఇదొక్కటి చాలు.

రెండోది: "టన్నులకి టన్నులు చెరకు లాగాను."

నిజమే. కానీ చెరకు ట్రైలర్‌కి గేర్‌బాక్స్ ఉండదు. ఇరుసు, చక్రాలు, పైన చెరకు. ఎంత దూరం లాగినా అరిగేది టైరూ, బేరింగూ మాత్రమే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో లోపలి భాగాలన్నిటికీ నూనె అందించేది ఒక పంపు. మామూలు ఆటోమేటిక్‌లో ఆ పంపుని తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగితే పంపు ఆగింది, పంపు ఆగితే నూనె ప్రవాహం ఆగింది. ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి లాగుతున్నారనుకోండి. న్యూట్రల్ అంటే ఇంజిన్ వైపు సంబంధం తెగింది అని మాత్రమే. చక్రాల వైపు సంబంధం అలాగే ఉంది. చక్రాలు తిరుగుతుంటే లోపలి షాఫ్టులు, గేర్లు తిరుగుతూనే ఉంటాయి, నూనె అందకుండా. వర్క్‌షాప్‌లో మాకు విప్పి చూపించింది అదే. కాలి నీలంగా మారిన ఇనుము. పది కిలోమీటర్లు చాలింది.

"అయితే ముందు చక్రాలు పైకి లేపి క్రేన్‌తో లాగితే పోలా?" అంటారు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి అది సరిపోతుంది. నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉన్న బండికి మాత్రం అది ఇంకా పెద్ద పొరపాటు. ముందువి గాల్లో ఆగి ఉంటాయి, వెనకవి రోడ్డు మీద తిరుగుతుంటాయి. ఆ రెండు ఇరుసులనీ కలిపే కప్లింగో, సెంటర్ డిఫరెన్షియలో మధ్యలో నలుగుతుంది. అది అసలు చేసిందే రెండు ఇరుసుల మధ్య కొంచెం వేగం తేడా తట్టుకోవడానికి, ఒకటి ఆగిపోయి రెండోది ముప్పైలో పరిగెత్తడానికి కాదు. వేడెక్కుతుంది, పాడవుతుంది. లోపల కప్లింగ్ పట్టేసుకుంటే గాల్లో ఉన్న చక్రాలు కూడా తిరగడం మొదలెట్టి బండి క్రేన్ మీంచి తన్నుకుని దిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి ఇలాంటి బండికి దారులు రెండే. నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీదకి ఎక్కించడం. లేదా రెండు చక్రాలు క్రేన్ లేపితే, మిగతా రెండింటి కింద చిన్న చక్రాల బండి, అంటే డాలీ, పెట్టడం. పాత జిప్సీలాగా లివర్‌తో మార్చే ట్రాన్స్‌ఫర్ కేస్, అందులో న్యూట్రల్ ఉన్న బండి అయితే మూడో దారి ఉండొచ్చు. ఉందో లేదో చెప్పాల్సింది మాన్యువల్. నేను కాదు, ట్రాక్టరాయన కాదు.

మూడోది: "ముప్పై ఏళ్ళ అనుభవం."

ఇది రాయడం నాకు కష్టం. నాన్న డ్రైవింగ్‌ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. కానీ ఆయన అనుభవం బస్సుది. బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. స్ప్రింగ్ బ్రేకులున్న బస్సులో గాలి ప్రెషర్ పడిపోతే బ్రేకు దానంతటది పట్టేసి బండిని కదలనివ్వదు. కారు దీనికి పూర్తిగా రివర్స్. కారు బ్రేకుకి బలం ఇచ్చేది బూస్టర్, దానికి వాక్యూమ్ కావాలి, ఆ వాక్యూమ్ ఇంజిన్ తిరిగితేనే వస్తుంది. ఇంజిన్ ఆగాక ఒకటి రెండుసార్లు తొక్కేంత నిల్వ ఉంటుంది. ఆ తర్వాత బ్రేకు ఉంటుంది కానీ సహాయం ఉండదు. మామూలుగా వేసే బలానికి ఎన్నో రెట్లు వేయాలి. నాన్న దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా అలవాటుగా బ్రేకు తాకుతూనే ఉన్నారు. అసలు అవసరం వచ్చేసరికి నిల్వ ఖాళీ. పవర్ స్టీరింగ్ సంగతీ అంతే. తాళం చెవి తీస్తే స్టీరింగే లాక్ అయిపోతుంది.

ఇక లెక్క. మనం ఇంజినీర్లం కదా, ఒక్కసారి వేద్దాం. ముందు బండి సెకనుకి 5 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుందనుకోండి. అది గట్టి బ్రేకే. మధ్యలో తాడు 5 మీటర్లు. వెనకాయన ఏమీ చేయకపోతే ఆ దూరం చెరిగిపోవడానికి పట్టేది దాదాపు 1.4 సెకన్లు. మా తాడు మూడు మీటర్లే, అంటే 1.1 సెకన్లు. మనిషి చూసి, అర్థం చేసుకుని, కాలు కదపడానికే సుమారు ఒక సెకను. పైగా వెనకాయనకి రోడ్డు కనపడదు, ట్రాక్టర్ వీపు మాత్రమే కనపడుతుంది. ఆటో వస్తున్నట్టు ఆయనకి తెలిసే దారే లేదు. మిగిలింది 0.1 సెకను, సహాయం లేని బ్రేకు. ఇందులో ముప్పై ఏళ్ళ అనుభవం ఏం చేయగలదు? ఆయనకి ఓడిపోయే ఆట ఇచ్చాం మేము.

ఇది ఎప్పుడో తెలిసిన సంగతే. 1989 నాటి రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్‌లో లాగడం గురించి ప్రత్యేకంగా ఒక నియమం ఉండేది. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. తాడు అందరికీ స్పష్టంగా కనపడాలి. వెనక బండి మీద తెల్లటి పలక, దాని మీద 75 మిల్లీమీటర్లకి తగ్గని నల్లటి అక్షరాలతో 'ఆన్ టో' అని రాయాలి. లాగబడే బండిలో లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా దాని స్టీరింగ్ చక్రాలు నేలకి తగలకుండా లేపి కట్టాలి. వేగం గంటకి 24 కిలోమీటర్లు మించకూడదు. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. కానీ 1989లోనే 24 అని ఎందుకు రాశారో చూడండి. 1800 కిలోల బండికి గంటకి 24 కిలోమీటర్ల వేగంలో ఉండే గతిశక్తి దాదాపు 40 కిలోజౌళ్ళు. 35లో అయితే 85. వేగం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, దెబ్బ రెట్టింపు దాటింది. మా ట్రాక్టర్ ఎంతలో ఉందో వీడియోలో మీటర్ కనపడుతోంది. రాయను లెండి. పలకైతే లేదు.

నాలుగోది, అందరూ చివర్లో తీసే బ్రహ్మాస్త్రం: "ఇదేమైనా అమెరికానా? నక్కపల్లి దగ్గర ఫ్లాట్‌బెడ్ ఎక్కణ్ణుంచొస్తుంది?"

దీనికే నాకు ఎక్కువ కోపం. మేము అడిగితే కదా రాకపోవడానికి! జాతీయ రహదారుల మీద ఆపద వస్తే 1033 అని నంబరు ఉంది, 2018 నుంచి పనిచేస్తోంది. వేంపాడు దగ్గర టోలు ఫాస్టాగ్‌లోంచి కట్ అయినప్పుడు మెసేజ్ చూసి విసుక్కున్నాం గానీ, ఆ డబ్బులతో మనకి రావాల్సిన సాయం గురించి ఒక్కడూ ఆలోచించలేదు. బావగారి ఇన్సూరెన్స్ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా ఉంది. ప్రతి ఏడాదీ దానికి డబ్బు కడుతున్నారు. ఆ సంగతి ఆయనకి తెలిసింది ఆసుపత్రి బయట బెంచీ మీద పాలసీ పీడీఎఫ్ తెరిచినప్పుడు.

ఫోన్ చేసినప్పుడు కూడా "కారు ఆగిపోయింది" అంటే చాలదు. "నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్ బండి, ఫ్లాట్‌బెడ్ కావాలి" అని మొదటి వాక్యంలోనే చెప్పాలి. చెప్పకపోతే మామూలు హుక్కు క్రేన్ వస్తుంది. వచ్చినాయన "ఏం కాదు సార్" అంటాడు, మనం మొహమాటపడతాం. బండి ఆయనది కాదు, గేర్‌బాక్స్ బిల్లు ఆయనకి రాదు.

రెండు మూడు గంటలు పట్టొచ్చు, ఒప్పుకుంటాను. పట్టనివ్వండి. హజార్డ్ లైట్లు వేసి, వెనక దూరంగా ఎర్ర త్రికోణం పెట్టి, మనుషులు బండిలో కూర్చోకుండా రెయిలింగ్ అవతలికి వెళ్ళి నిలబడండి. బండి లేన్ మధ్యలో ఆగిపోతే పక్కకి తీయాల్సిందే. నలుగురూ తోసో, నడక వేగంలో లాగో, రోడ్డు అంచు దాకా ఓ యాభై అడుగులు జరపడం తప్పు కాదు, చేయకపోవడమే తప్పు. నేను పోట్లాడుతున్నది యాభై అడుగుల మీద కాదు, పది కిలోమీటర్ల మీద.

వంజంగి బురదలో ఇరుక్కున్న బండ్ల గురించి కూడా ఒక ముక్క. అక్కడ ఇంకో వీరత్వం చూస్తుంటాం. బంపర్‌కో, వెనక ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికో తాడు కట్టి ఒక్కసారిగా జెర్క్ ఇచ్చి లాగడం. ఆ బంతి ఉన్నది ట్రైలర్ కోసం, జెర్క్ కోసం కాదు. అది విరిగితే ఫిరంగి గుండులా వచ్చి అద్దంలోంచి దూరుతుంది. ఇలా మనుషులు చనిపోయారు కూడా. బండికి ఇచ్చిన టో హుక్కుకే కట్టండి, తాడు పొడవునా చుట్టుపక్కల ఎవర్నీ నిలబడనివ్వకండి. ముఖ్యంగా వీడియో తీసేవాళ్ళని. నాలాంటి వాళ్ళని.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే..

మన దగ్గర అనుభవానికి చాలా గౌరవం ఉంది, మంచిదే. కానీ ఏ బండి మీద వచ్చిన అనుభవమో అడగడం మానేశాం. అమెరికాలో ఒకాయన జీపుని లాగాడు, ఊళ్ళో ఒకాయన చెరకుని లాగాడు, నాన్న బస్సుని నడిపారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ముగ్గురి అనుభవమూ నిజమే, మా ముందున్న బండి మాత్రం ఆ మూడూ కాదు. ఆ బండి గురించి తెలిసింది ఒక్క పుస్తకానికే. అది ప్లాస్టిక్ కవర్లో మా మోకాళ్ళ దగ్గరే ఉంది. కొత్త ఏపీఐ వాడేటప్పుడు డాక్యుమెంటేషన్ చదవకుండా కాల్ చేసే జూనియర్‌ని కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. ఇరవై లక్షల బండి కొని, అందులో పెళ్ళాం పిల్లల్ని కూర్చోబెట్టుకునే మనం, లాగడం గురించి ఉన్న ఒకటి రెండు పేజీలు చదవం. నిమ్మకాయలు మాత్రం మర్చిపోం. నిమ్మకాయలు పెట్టండి, నాకూ తలుపులమ్మ తల్లి మీద భక్తి ఉంది. తల్లి మాత్రం గేర్‌బాక్స్‌లో నూనె పోయదు కదా.

అందుకే ఒక చిన్న పని. ఈ రాత్రికి కిందకి దిగి, మీ బండిలో ఉన్న మాన్యువల్ తీసి, టోయింగ్ అని ఉన్న పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మీ పాలసీలో ఉన్న అసిస్టెన్స్ నంబరు, 1033 కలిపి ఒకే చోట సేవ్ చేసుకోండి. ఊళ్ళో నాన్నకీ, తమ్ముడికీ, బావకీ ఆ ఫొటో పంపండి. అయిదు నిమిషాల పని.

బావగారు ఇది చదివితే బాధపడతారని తెలుసు. ఆయన గేర్‌బాక్స్ డబ్బు కట్టేశారు, నాన్న ఆసుపత్రి బిల్లూ ఆయనే కట్టారు, ఆ రోజు నుంచి లాగడం అనే మాట ఎత్తలేదు. నా వంతు నేను ఒప్పుకోవాలి. నాకు అనుమానం వచ్చింది, అడిగాను, పెద్దవాళ్ళు కొట్టిపారేశారు, నేను ఫోన్ తీసి వీడియో మొదలెట్టాను. ఆ ఫోన్‌లోనే వెతికితే రెండు నిమిషాల్లో మాన్యువల్ దొరికేది.

మొన్న నాన్నకి పిండికట్టు విప్పారు. తుని నుంచి ఇంటికొస్తుంటే తాండవ వంతెన మీద ఒక ట్రాక్టరు వెనక తాడుతో కట్టిన జీపు కనపడింది. స్టీరింగ్ దగ్గర ఓ కుర్రాడు, నవ్వుతున్నాడు. నాన్న నా వైపు చూసి, "దిగి చెప్పరా" అన్నారు. దిగాను. ఆ కుర్రాడు విన్నదంతా విని, "ఏం కాదన్నా, రెండు కిలోమీటర్లే" అన్నాడు.

ఈ టపా వాడి కోసం.